గాజులత్త ముందు పెట్టిన డబ్బా

నా చిన్నప్పుడు మా శామీర్‌పేటలో రేషన్ ఇచ్చే కంట్రోల్ దుకాణం ముందు మనుషులు నిలబడేవారు కాదు, డబ్బాలు నిలబడేవి. నెలకోసారి కిరోసిన్ వచ్చేది. మేము దాన్ని గాసునూనె అనేవాళ్లం. డ్రమ్ము దిగిందన్న కబురు అందగానే ఇంటికొకరు డబ్బా పట్టుకుని బయలుదేరేవారు. దుకాణం అరుగు దగ్గర మొదలుపెట్టి రోడ్డు దాకా డబ్బాలను ఒకదాని వెనుక ఒకటి దించి, మనుషులంతా ఎదురుగా ఉన్న కమ్మరి కొట్టంలో కూర్చుని ముచ్చట్లు పెట్టుకునేవారు.

ఆ లైనుకు రాసిపెట్టిన నియమాలేవీ లేవు. పిల్లలను కూర్చోబెట్టి చెప్పినవాళ్లూ లేరు. అయినా అందరికీ తెలుసు. డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టే. ఒకరి డబ్బాను ఇంకొకరు ముట్టరు. లైను కదిలినప్పుడు ముందటి మనిషి లేకపోతే ఆ డబ్బాను కూడా జరుపుతారు, అదీ చేత్తోనే, కాలితో తన్నరు. డబ్బా పెట్టి పొలానికో పట్నానికో పోకూడదు, పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. పసిబిడ్డకు పాలిచ్చి వస్తానని ఇంటికి పోయిన తల్లి కోసం మాత్రం ఎంతసేపైనా ఆగాలి. ఎవరైనా తన జాగాను ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. కానీ అప్పుడు తాను పోయి ఆ మనిషి జాగాలో నిలబడాలి. వెనుకనున్నవాళ్లందరి ముందు ఇంకొకరిని తెచ్చి నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఎవరి డబ్బా ఏదో కూడా అందరికీ తెలిసే ఉండేది. మా నాయిన బట్టలు కుట్టేవాడు కాబట్టి మా డబ్బా పిడికి పూలగుడ్డ పీలిక ఒకటి కట్టి ఉండేది. పాలమ్మే పెద్దమ్మ డబ్బా మీద సున్నంతో పెట్టిన చుక్క. గాజులత్త డబ్బా మూతకు ఎర్ర దారం.

గాజులత్త మాకు చుట్టం కాదు. గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది. ఊళ్లో ఆడపిల్లలందరికీ ఆమె అత్తే. చిన్న గాజును పెద్ద చేతికి ఎక్కించేటప్పుడు మా వేళ్లను దగ్గరికి మడిచి, నొప్పి తెలియకుండా ఏదో ఒక ముచ్చట చెబుతూ ఉండేది. ఆమె గొంతు ఎత్తగా నేనెప్పుడూ వినలేదు. బేరం దగ్గర ఎవరైనా దబాయిస్తే, "సరే తల్లీ, నీ ఇష్టమే కానీ" అని సర్దుకునేది. ఆ వానాకాలంలో ఆమె కూతురు తొలి కాన్పుకు వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టి పది రోజులైంది. వాళ్లది ఒకటే గది. పొయ్యి అందులోనే, బాలింత మంచం అందులోనే.

ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. "కట్టెలన్ని నానిపోయినయి. పొయ్యి ముట్టిస్తె ఇల్లంత పొగ. పసిదానికి పడ్తలేదు, ఒకటే దగ్గు. జరంత గాసునూనె దొరికితె స్టవ్వు మీద ఎల్లదీసుకుంట" అని ఆమె ఆ రోజు పొద్దున్నే కొట్టంలో కూర్చుని అందరితో అంటుంటే నేను విన్నాను. విన్నానన్న సంగతి ఇక్కడే చెప్పాలి. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

నాకప్పుడు పదేళ్లు. అమ్మ నాట్లకు పోయింది. నాయినకు కుట్టు పని నిండా ఉంది. అందుకని తెల్లవారగానే డబ్బా ఇచ్చి నన్ను పంపారు. నేను పోయేసరికే లైను బాగా పెరిగింది. లెక్కపెట్టుకుంటే మాది పందొమ్మిదోది. డీలర్ వచ్చి, ఇద్దరు ముగ్గురికి కొలిచి, ఎవరో పిలిస్తే పోయి, మళ్లీ వచ్చి, ఇంతలో అన్నం వేళైందని ఇంటికి పోయాడు.

అదే రోజు మా పెద్ద చెరువు మత్తడి దుంకింది. చెరువు నిండి, కట్ట చివరనున్న రాతి కట్టడం మీదుగా నీళ్లు కిందికి దూకడం అన్నమాట. నాకు ఊహ తెలిశాక అట్లా దుంకడం అదే మొదలు. పొద్దున్నుంచి ఊరు ఊరంతా అటే పోతున్నది. చూసి వచ్చినవాళ్లు చేతులు చాపి, చేపలు ఇంతింత పొడుగున్నాయని చెబుతున్నారు. వింటూ కూర్చోవడం నావల్ల కాలేదు.

ఇంతలో పక్కింటి అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమే, వస్తవా రావా? మా మామ బండి కడుతుండు. ఇంక జరసేపే ఆగుతడట."

"డబ్బ ఉన్నదక్కా."

"అయ్యో పాపం! నీ డబ్బను ఎవలన్న ఎత్తుకపోతరేమో, కావలి కాసుకుంట కూసో. మత్తడి మల్లొచ్చే ఏడు సూద్దువు తియ్."

ఆమె వెక్కిరించి పోయింది. చినుకులు పెద్దవయ్యాయి. బయట కూర్చున్నవాళ్లు కూడా లేచి కొట్టం లోపలికి జరిగారు. అందరి వీపులూ లైను వైపు ఉన్నాయి. డబ్బా మూత సరిచేస్తున్నట్టు పోయి, మా డబ్బాను పిడి పట్టి లేపాను.

లైను పక్కన నడుచుకుంటూ ముందుకు పోయాను. ఎక్కడ దించాలో చూసుకుంటూనే నడిచాను. పదకొండోది పాల పెద్దమ్మది. దాని దగ్గర ఆగితే ఊరంతా వినబడుతుంది. తొమ్మిదోది మా బడి పంతులుగారి ఇంటిది. ఏడోది ఎర్ర దారం కట్టిన డబ్బా. అక్కడ ఆగాను. దాని ముందు మా డబ్బాను దించి, ఎవరూ చూడలేదనుకుని వచ్చి కొట్టం మూలన నిలబడ్డాను.

డీలర్ తిని, నోట్లో పాన్ పెట్టుకుని వచ్చాడు. గరాటు కడిగాడు. లైను కదిలింది. నాలుగు డబ్బాలు నిండేసరికి అందరూ ఎవరి డబ్బా దగ్గరికి వాళ్లు వచ్చి నిలబడ్డారు. నేను కూడా పోయి మా డబ్బా పక్కన నిలబడ్డాను.

"ఆగున్రి, ఆగున్రి" అంది పాల పెద్దమ్మ. "గీ టైలర్ డబ్బ గీడికెట్లొచ్చింది? పొద్దుగాల నా ఎనుకనెక్కడో ఉండె గదా. కాళ్లు మొలిచినయా ఏంది?"

నలుగురు నవ్వారు. అందరూ పూలగుడ్డ పీలిక వైపు, తర్వాత నా వైపు చూశారు.

"ఏం పోరీ, నువ్వే తెచ్చినవా?"

"లేదు. పొద్దుగాల నుంచి ఈడనే ఉన్నది" అన్నాను.

"ఓయమ్మో! అయితె నేను గుడ్డిదాన్నంటవా?"

డీలర్ గరాటు పట్టుకుని విసుక్కున్నాడు. "జల్దీ తెంపుకోన్రి. నాకు పొద్దుపోతాంది."

వెనుక నుంచి ఎవరో, "దీని నాయినను పిలువున్రి. మర్యాదస్తుడు గదా, బిడ్డకు గిదే నేర్పిండా అడుగుదాం" అన్నారు. ఆ మాటకు నేను మా డబ్బా పిడి పట్టుకున్నాను. లైను తప్పిన డబ్బాను రోడ్డు మీదికి విసిరేసేవారు. ఆ ఇంటికి ఆ నెల నూనె ఉండదు. అంతకు ముందు ఒక ఇంటికి అట్లా జరిగింది. నూనె లేకపోవడమే కాదు, ఆ ఇంటివాళ్లు చాలా రోజులు తల ఎత్తుకుని దుకాణానికి రాలేకపోయారు.

అప్పుడు గాజులత్త నోరు విప్పింది. "ఊకోన్రి. నేనే పెట్టుకొమ్మన్న" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"పసిపోరి, తెల్లారంగ వచ్చింది. మొఖం సూడున్రి ఎట్ల వాడిపోయిందో. నేనే నా ముంగట పెట్టుకొమ్మన్న."

పాల పెద్దమ్మ ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసింది. నమ్మిందని నేను అనుకోను. కానీ పెద్ద మనిషి నోటి నుంచి వచ్చిన మాటను నలుగురిలో అబద్ధమనడం కూడా ఆ లైను మర్యాద కాదు. "నీ జాగ నువ్విచ్చుకుంటనంటె మేమెవలం అడ్డం? గనీ నువ్వు దాని జాగలకు పోవాలె మల్ల. నీకు ఎరుకే గదా" అంది.

"ఎరుకే అక్కా. పోతున్న."

గాజులత్త వంగి తన డబ్బా ఎత్తుకుంది. నా వైపు చూడలేదు. ఒక్కో డబ్బాను దాటుకుంటూ వెనక్కి నడిచింది. పన్నెండు డబ్బాల దూరం. చినుకుల్లో, కొంగు నెత్తిన కప్పుకుని, మెల్లగా నడిచే మనిషి. ఆ నడక అయ్యేలోపు "లేదు, నేనే తెచ్చిన" అనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నాలుగు మాటలు కూడా కాదు. ఆ మాటలు నోటిదాకా వచ్చాయని రాసుకుంటే బాగుంటుంది కానీ, రాలేదు. ఆమె ఎంత త్వరగా పోయి అక్కడ నిలబడుతుందా, అందరూ నన్ను చూడడం ఎప్పుడు మానేస్తారా అనే నేను ఎదురుచూశాను.

మా డబ్బా నిండింది. ఇంట్లో దించి, పక్కింటి వాళ్ల బండి వెనుక పరుగెత్తి అందుకున్నాను. మత్తడి చూశాను. తెల్లటి నీళ్లు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పరదాలా దూకుతున్నాయి. తుంపర మా మొఖాల మీద పడుతున్నది. పిల్లలతో కలిసి గంతులు వేశాను, అరిచాను. అక్కడ నాకు గాజులత్త గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చి బాధపడ్డానని చెప్పుకోవచ్చు, కాదనేవాళ్లు ఎవరూ లేరు. కానీ ఆ సాయంత్రం నేను సంతోషంగానే ఉన్నాను.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి వస్తే అమ్మ సీసాలోకి నూనె వంపుతున్నది.

"గాజులత్త నీకు జాగ ఇచ్చిందట గదనే. నాకు జెప్పకుంటనే ఉరికినవా?" అంది. "ఆమెకేమో అందలేదట. పదహారో డబ్బకే డ్రమ్ము ఒడిసిందట. మల్ల ఎప్పుడొస్తదో ఏమో. ఆమె అంత ముందుగల్ల ఉండె గదా, నీకెందుకిచ్చిందే?"

"నేను అలిసిపోయిన్నని" అన్నాను. ఆ రోజుకు అది రెండో అబద్ధం.

"పుణ్యాత్మురాలు" అంది అమ్మ. మా డబ్బాలో ఉన్నదాంట్లో సగం సీసాల్లో పోసి, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

గాజులత్త ఇంటి తలుపు తీసే ఉంది. లోపలి నుంచి పొగ బయటికి వస్తున్నది. ఆమె కూతురు గడప దగ్గర గోడకు ఆనుకుని, పసిదాన్ని కొంగు కింద దాచుకుని కూర్చుంది. బాలింత మనిషి అట్లా చలిగాలికి కూర్చోకూడదు. లోపల ఉండలేక కూర్చుంది. కొంగు కింద నుంచి దగ్గు వినబడుతున్నది. పది రోజుల పిల్ల దగ్గు ఎట్లా ఉంటుందో నేను అంతకు ముందు వినలేదు. దగ్గినట్టు ఉండదు, ఏదో చిన్న పిట్ట గొంతులో పుల్ల ఇరుక్కున్నట్టు ఉంటుంది. గాజులత్త పొయ్యి ముందు కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ గొట్టంతో ఊదుతున్నది.

అమ్మ సీసాలు గడప లోపల పెట్టింది. "నీ జాగ మా దానికిచ్చి నువ్వు ఇట్ల పరేషానైతివి గదనే" అని బాధపడింది. తర్వాత నన్ను ముందుకు తోసి, "అత్తమ్మ కాళ్లు మొక్కు" అంది.

నేను వంగి మొక్కాను. ఆమె పాదాలు ఇంకా బురదతోనే ఉన్నాయి. అమ్మకు తెలిసిన కథకు నేను మొక్కుతున్నాను. జరిగిన కథ మా ఇద్దరికే తెలుసు.

"అయ్యో, ఎందుకమ్మా, పసిది గదా" అంటూ గాజులత్త నన్ను లేపింది. సీసాలు వద్దనలేదు. "మీ బిడ్డ తెచ్చిన నూనెనే మాకు దిక్కయింది" అంది. నిజంగానే అంది. ఆమె కూతురు కూడా నా వైపు చూసి నవ్వింది. తమ ఇంటికి రావలసిన నూనెలో సగం మేము పట్టుకుపోయి ఇస్తే, ఆ ఇంటివాళ్లు నన్ను మెచ్చుకుంటున్నారు.

స్టవ్వు వెలిగింది. అమ్మ బాలింతతో మాట్లాడుతూ లోపల కూర్చుంది. చేతులకు నూనె అంటిందని గాజులత్త నన్ను పెరట్లోకి తీసుకుపోయి చెంబుతో నీళ్లు పోసింది. గాజులు తొడిగేటప్పటిలాగే నా వేళ్లను తన వేళ్ల మధ్య పట్టుకుని రుద్దింది.

"నువ్వు డబ్బ వెడుతుంటె సూసిన బిడ్డా" అంది మెల్లగా. నా చేతుల మీద ఇంకో చెంబు పోసింది.

"అంతమందిల నీ నాయిన పేరు తియ్యబుద్ధి కాలె. ఇగ ఎన్నడన్న గట్ల పెట్టాలనిపిస్తె ఒక పని చెయ్యి. పాల పెద్దక్క డబ్బ ముంగట పెట్టు. ఆమె ఆడ్నే నీ చెయ్యి పట్టి ఆపుతది, తప్పు ఆడికే ఒడుస్తది. మా అసోంటోల్ల ముంగట పెడితె ఎవలాపుతరు చెప్పు?"

అని నవ్వింది. ఎత్తిపొడుపు నవ్వు కాదు, పిల్లలతో ఆమె ఎప్పుడూ నవ్వే నవ్వే. రెండు దెబ్బలు వేసినా నాకు అంత తగిలేది కాదు. అప్పటిదాకా లైను తప్పడమే నేను చేసిన తప్పనుకున్నాను. పదకొండో డబ్బాను దాటి, తొమ్మిదో డబ్బాను దాటి, ఏడో దాని దగ్గర ఎందుకు ఆగానో ఆమె చెప్పేదాకా నాకు నేను చెప్పుకోలేదు. ఆమె మెత్తని మనిషని తెలిసే ఆగాను. చిన్నప్పటి నుంచి నా చేతులు నొప్పి పుట్టకుండా పట్టుకున్న మనిషని తెలిసే ఆగాను.

మేమిచ్చిన నూనె నాలుగైదు రోజులు వచ్చింది. వానలు అంతకంటే ఎక్కువ రోజులు పడ్డాయి. పసిదానికి దగ్గు ముదిరితే, ఆ ముసురులోనే మేడ్చల్ దవాఖానకు తీసుకుపోయారు. బతికింది. పెరిగి పెద్దదై, పెళ్లయి, ఇప్పుడు కీసర దగ్గర ఎక్కడో ఉంటుందని విన్నాను. ఆ దగ్గు నా వల్లనే అని ఎవరూ అనలేదు. డబ్బా నిండా నూనె ఉన్నా వచ్చేదేమో. ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియదు. తెలియదు కాబట్టే అది తెగడం లేదు.

నా పెళ్లికి గాజులు తొడిగింది గాజులత్తే. రెండు చేతులూ ఆమె ఒళ్లో పెట్టి గంటసేపు ఎదురుగా కూర్చున్నాను. ఇప్పుడు చెబుదాం, ఈ గాజు ఎక్కాక చెబుదాం అనుకుంటూ అన్ని గాజులూ అయిపోయాయి. ఆమె లేచి కొంగు దులుపుకుంది. తర్వాత ఎన్నేళ్లో బతకలేదు. అమ్మకు కూడా నేను చెప్పలేదు. కడదాకా అమ్మ, "గాజులత్త నీకు లైన్ల జాగ ఇచ్చిన మనిషి" అని నలుగురిలో తలచుకుంటూనే ఉండేది.

ఇప్పుడు ఎక్కడికి పోయినా టోకెన్లు. ఊరు ప్లాట్లయింది, పక్కన పెద్ద రోడ్డు పడింది. ఒకరి ముందు ఒకరు దూరడానికి దారులు మాత్రం తగ్గలేదు. బ్యాంకులో, దవాఖానలో, బస్సులో, నలుగురున్న ఏ చోటికి పోయినా నన్ను నేను ఒక కంట కనిపెట్టుకుంటూ ఉంటాను. అయినా నా కళ్లుగప్పి పోతాను.

మొన్నొక ఉదయం కొంపల్లిలో మేడ్చల్ బస్సు ఎక్కాను. నిండుగా ఉంది. ముందు సీట్లలో నలుగురు కుర్రాళ్లు ఫోన్లు చూస్తూ గట్టిగా మాట్లాడుకుంటున్నారు. నేను వాళ్లను దాటిపోయి, కిటికీ పక్కన ఒదిగి కూర్చున్న ఒక అమ్మాయి దగ్గర నిలబడ్డాను. ఆమె నా తెల్ల జుట్టు చూసి వెంటనే లేచింది. నేను కూర్చున్నాను. బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాను. కండ్లకోయ దగ్గర బస్సు ఆగి కుదిపినప్పుడు తల ఎత్తి చూస్తే, ఆమె పైనున్న రాడ్ పట్టుకుని నిలబడే నిద్రపోతున్నది.

"ఎక్కడి నుంచి వస్తున్నవు బిడ్డా?" అని అడిగాను.

"జీడిమెట్లకెల్లి, అమ్మమ్మా. నైట్ డ్యూటీ" అంది కళ్లు నలుపుకుంటూ.

అంత బస్సులో నేను ఎవరి పక్కన పోయి నిలబడ్డానో అప్పుడు అర్థమైంది. లేచి ఆమె భుజం పట్టి సీటు వైపు జరిపాను.

"వద్దమ్మమ్మా, మీరే కూసోన్రి. నాకేం కాదు" అంది.

ఆ మాట ఇష్టంగా అన్నదో, కాదనలేక అన్నదో తెలుసుకోవాలని ఆమె ముఖంలోకి చూశాను. బలవంతాన కూర్చోబెట్టి, మేడ్చల్ వచ్చేదాకా చూస్తూనే నిలబడ్డాను.